వడ్ల సారుతో తబూక్ దాకా

తబూక్‌లో చలి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. సౌదీ అంటే ఎండ, ఇసుక అనుకుని నాలుగు పల్చటి చొక్కాలు సర్దుకుని బయలుదేరాను. తీరా అక్కడ పొద్దున్నే నీళ్ళ పైపుల మీద మంచు పేరుకుని ఉంది.

నేను హైదరాబాద్‌లో ఒక పంపుల కంపెనీలో సర్వీసు ఇంజినీర్‌ని. మేము అమ్మిన బోరు మోటారు ఒకటి తబూక్ దగ్గర పెద్ద పొలంలో కాలిపోయింది. అది ఎందుకు కాలిందో చూసి రిపోర్టు రాసివ్వడం నా పని. రియాద్ నుంచి తబూక్‌కి విమానం ఉంది. కానీ కొత్త మోటారు బండిలో వెళ్తోంది కాబట్టి దానితో పాటే రమ్మన్నారు. రోడ్డు మీద పదమూడు వందల కిలోమీటర్లు. ఆ దారి గురించి చెప్పాలంటే నాతో వచ్చిన ఇద్దరి గురించి కూడా చెప్పాలి.

మలాజ్

రియాద్‌లో నాకు బస ఇచ్చింది మలాజ్‌లో. పాత పేట. కింద దుకాణాలు, పైన ఇళ్ళు. మన కాచిగూడలా ఉంటుందనుకున్నాను గానీ ఆ సందడి లేదు. చాలా కిటికీలు మూసి ఉన్నాయి. బయటి దేశాల వాళ్ళ కుటుంబంలో ఒక్కొక్కరి మీదా ప్రభుత్వం నెలనెలా రుసుం వేయడంతో చాలామంది భార్యాపిల్లల్ని ఇంటికి పంపేశారని కింద కూరగాయల కొట్టు మలబారు ఆయన చెప్పాడు. ఆయన దగ్గర బెండకాయలు ఏరుతుండగా నమాజుకి పిలుపు వినిపించింది. ఆయన చటుక్కున షట్టరు దించేశాడు. నేను లోపలే ఉండిపోయాను. చీకట్లో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుంటే, అలవాటైన పనే అన్నట్టు ఆయన నాకో అరటిపండు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున తలుపు తట్టిన మనిషి తెలుగులో పలకరించాడు. యాభై దాటిన వయసు, తలకు మఫ్లరు. పేరు లచ్చన్న. కోరుట్ల దగ్గర పల్లె. అదే పొలంలో చాలా ఏళ్ళుగా ఫిట్టరు.

"పోదమా సారూ? వడ్ల సారు కింద బండి కాడ నిలవడ్డడు" అన్నాడు.

"వడ్ల సారా?"

"మా పెద్దింజినీరు. మేనేజరు ఆయన్ని పాడీ, పాడీ అని పిలుస్తడు. పాడీ అంటె వడ్లే గద. మన కాడ వడ్లు కొనే సెంటర్ల మీద గదే రాసుంటది."

మేనేజరు ఫోన్లో నాకూ అదే పేరు చెప్పాడు, పాడీ వచ్చి తీసుకెళ్తాడని. కింద పికప్ పక్కన అరవై దాటిన తెల్లాయన నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి, ఎర్రటి మెడ, తెల్ల కనుబొమ్మలు. చెయ్యి చాచి "గుడ్ మార్నింగ్ మిస్టర్ పాడీ" అన్నాను. ఆయన చెయ్యి కలిపాడు గానీ వదిలిపెట్టలేదు.

"నా పేరు కార్మక్" అన్నాడు. చెయ్యి వదిలి బండి ఎక్కాడు.

బురైదా

రియాద్ దాటాక రోడ్డు తిన్నగా సాగుతుంది. రెండు పక్కలా ఎర్ర ఇసుక, అప్పుడప్పుడూ ఒంటెలు రోడ్డు మీదికి రాకుండా కంచె. మా పక్క నుంచి ఒక కారు వేగంగా దాటిపోయింది. నడుపుతున్నది నల్ల ముసుగు వేసుకున్న అమ్మాయి. ఆ ఏడాదే ఆడవాళ్ళకు డ్రైవింగ్ లైసెన్సులు ఇవ్వడం మొదలైంది. లచ్చన్న వెనక సీటు నుంచి వంగి చూసి "మస్తు తోలుతున్నది బిడ్డ" అన్నాడు.

మధ్యాహ్నానికి బురైదా చేరాం. ఖర్జూరాలకు పేరున్న ఊరు. మనం బెల్లం అచ్చులు పేర్చినట్టు అట్టపెట్టెల్లో ఖర్జూరాలు పేర్చి అమ్ముతారు. బేరం ఆడబోతే, కొట్టతను ముందు ఒకటి తినమని నోటి దాకా తెచ్చాడు. తిన్నాక బేరం ఆడబుద్ధి కాలేదు.

భోజనం నేల మీద. తివాచీ మీద ప్లాస్టిక్ గుడ్డ పరిచి, ముగ్గురికీ కలిపి ఒకే పళ్ళెంలో అన్నం, పైన కోడి. కారం లేదు. లచ్చన్న సంచిలోంచి మామిడికాయ తొక్కు సీసా తీశాడు. నాకు ఒక ముద్ద, కార్మక్‌కి ఒక ముద్ద వేశాడు. కార్మక్ కళ్ళు తుడుచుకుంటూనే తిన్నాడు.

పొద్దున్నించీ నాకు మనసులో పీకుతూనే ఉంది. "పాడీ అంటే మీ ముద్దుపేరు అనుకున్నాను" అన్నాను.

"మా అమ్మ మా మామయ్యను అలా పిలిచేది. ఆయన పేరు పాట్రిక్. ఇంట్లో అది ముద్దుపేరే." ఆయన అన్నాన్ని వేళ్ళతో కూడదీస్తూ మాట్లాడాడు. "నేను పద్దెనిమిదేళ్ళకు ఐర్లాండ్ నుంచి ఇంగ్లండ్ వెళ్ళాను, మామయ్య దగ్గరికి, కట్టుబడి పనికి. అక్కడ ఫోర్‌మన్‌కి మా పేర్లు నేర్చుకునే ఓపిక లేదు. సైటు మీద ఎంతమంది ఐరిష్ వాళ్ళుంటే అంతమందీ పాడీలే. పాడీ, ఇటు రా. పాడీ, మోయి. పాడీ అంటే మొద్దు, తాగుబోతు, చెప్పింది అర్థం కానివాడు. టీవీలో మా మీద జోకులు వస్తే, మా మొహాలు చూస్తూ నవ్వేవాళ్ళు."

"మరి అద్దెకు ఇళ్ళు ఇచ్చేవాళ్ళా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు. బహుశా హైదరాబాద్‌లో ఇల్లు వెతికిన రోజులు గుర్తొచ్చి ఉంటాయి.

"మామయ్య రోజుల్లో కిటికీల్లో బోర్డులే ఉండేవట, ఐరిష్ వాళ్ళు అడగొద్దని. నా రోజులకు బోర్డులు తీసేశారు. తలుపు తట్టి నోరు తెరిచేవాణ్ణి. నా యాస వినగానే, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవాళ్ళు. కిటికీలో 'ఖాళీ ఉంది' అన్న కాగితం మాత్రం అలాగే ఉండేది."

మన దగ్గర 'మీరేవిట్లు?' అని ముందే అడిగేస్తారు, తలుపు దాకా కూడా రానివ్వరు. ఆ మాట ఇంగ్లీషులో ఆయనకి ఎలా చెప్పాలో తెలియక, కులం సంగతంతా చెప్పుకొచ్చాను. ఆయన విని, "మరైతే నీకు వివరంగా చెప్పక్కర్లేదు" అన్నాడు.

లచ్చన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను తెలుగులో చెప్పేసరికి తింటున్న చెయ్యి ఆపేశాడు. "అంటే ఇన్నేండ్ల సంది నేను సారును తిడుతున్ననా?"

ఆ సంగతి చెప్తే కార్మక్ తల అడ్డంగా ఊపాడు. "వడ్ల అంటే ఏమిటని మొదటి ఏడాదే అడిగాను. తన కంచంలో అన్నం చూపించాడు. పర్వాలేదనుకున్నాను. నన్ను ఎవరూ అన్నంతో పోల్చలేదు అప్పటిదాకా."

లచ్చన్న మాత్రం ఒప్పుకోలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు. కార్మాక్కు, కార్మిక్కు అంటూ నాలుగుసార్లు తిప్పాడు. "కార్మికుడు. గంతే గద. మన పేరే" అని తేల్చాడు.

హాయిల్ తర్వాత

ఆ సాయంత్రం హాయిల్‌లో ఆగాం. ఊరి చుట్టూ గులాబీ రంగు కొండలు. మర్నాడు పొద్దున్నే, అప్పుడే పొయ్యిలోంచి తీసిన తమీస్ రొట్టె, బాగా ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు, మీద నూనె. రొట్టె మన చాట అంత ఉంటుంది. ఒక రియాలుకే ఇచ్చారు. ముగ్గురం తిన్నా మిగిలింది.

దారిలో లచ్చన్న తన కంపెనీ సంగతి చెప్పాడు. సౌదీల్ని ఎంతమందిని పనిలో పెట్టుకున్నారన్న దాన్నిబట్టి కంపెనీలకు ప్రభుత్వం రంగులు ఇస్తుంది. ఆకుపచ్చ అయితే మంచిది, పసుపు అయితే కష్టం, ఎరుపు అయితే ఎవరి ఇకామా కూడా తిరిగి రాయరు. ఇకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు. అది లేకపోతే వీధిలోకి రాలేం.

"మాది పసుపులకొచ్చింది సారూ. మనిషికింత అని లెవీ గూడ వెట్టిండ్రు. ఎవలనో ఒకల్ని పంపాలె. మోటారు కాలింది గద, దాని మీద వెట్టి నన్నూ, సారునూ పంపుతరని క్యాంపుల అనుకుంటున్నరు. మోటారు ఖరాబు చేసిండని రాసి నన్ను పంపితె మల్ల యాడికి పోలేను."

అప్పటిదాకా నేను లచ్చన్నతో పుస్తకాల తెలుగు మాట్లాడుతున్నాను. మాది పెద్దపల్లి దగ్గర. ఇంజినీరింగ్ హాస్టల్లో నేను "వస్తున్న" అంటే పక్క మంచాల వాళ్ళు "వస్తున్న" అని సాగదీసి నవ్వేవాళ్ళు. రెండో ఏడాదికి నా మాట మారిపోయింది. అది నాకు ఉద్యోగంలో పనికొచ్చింది కూడా. ఇప్పుడు ఎడారి మధ్యలో, పక్క జిల్లా మనిషి ముందు, ఆ మాట నాకే పరాయిగా వినిపించింది.

"ఏం కాదన్నా, చూద్దాం. నేనైతె ఉన్నదే రాస్త" అన్నాను.

లచ్చన్న వెనక సీటులోంచి ముందుకు వంగాడు. "తమ్మీ, మీదేవూరు?" అన్నాడు. అప్పటి నుంచి నేను సారుని కాదు.

కాసేపటికి పోలీసు తనిఖీ వచ్చింది. కుర్ర పోలీసు కిటికీలోంచి కార్మక్‌ను చూసి నవ్వాడు. "బ్రితానీ?"

"లా. ఇర్లందీ" అన్నాడు కార్మక్. కాదు, ఐరిష్ అని.

"హోలందీ?"

"ఇర్లందీ."

"బ్రితానీ, ఇర్లందీ, ఒకటే" అని పోలీసు వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. కార్మక్ బండి కదపలేదు. ఒకటి కాదని, రెండూ వేరు దేశాలని, వచ్చీరాని అరబ్బీలో మొదలుపెట్టాడు. పోలీసు మొహంలో నవ్వు పోయింది. అందర్నీ దిగమన్నాడు. మోటారు పెట్టె విప్పించాడు. నా పాస్‌పోర్టు తిరగేశాడు. లచ్చన్న ఇకామా తీయడానికి తడుముకుంటుంటే "యా హిందీ, తొందరగా" అని గదమాయించాడు. అక్కడ హిందీ అంటే ఇండియా వాడని. చివరికి ఆ పోలీసు పైఅధికారి వచ్చి, కార్మక్ చేతిలో పాస్‌పోర్టు చూసి, మాకు టీ ఇప్పించి పంపాడు.

బండి కదిలాక నాకు విసుగొచ్చింది. "అవునని ఒక్క మాట అంటే పోయేది" అన్నాను.

"పోయేది" అన్నాడాయన. కొంత దూరం పోయాక చెప్పాడు. "నేను ఇంగ్లండ్ వెళ్ళిన ఏడాదే ఒక ఊళ్ళో పబ్బుల్లో బాంబులు పెట్టారు. చనిపోయిన వాళ్ళలో నా ఈడు వాళ్ళు ఉన్నారు. పెట్టినవాళ్ళు మా దేశం పేరు చెప్పుకునేవాళ్ళు. మర్నాడు సైటుకు వెళ్తే నా టీ కప్పు పగలగొట్టి ఉంది. ఆ తర్వాత చాన్నాళ్ళు బయట నోరు విప్పేవాణ్ణి కాదు. బస్సెక్కితే ఎక్కడికెళ్ళాలో చెప్పాల్సి వస్తుందని, నడిచే వెళ్ళేవాణ్ణి. కొన్నేళ్ళకు మా అమ్మ పోయింది. పూడ్చిపెట్టి తిరిగి వస్తుంటే ఓడరేవులో నన్ను ఆపారు. రాత్రంతా ఒక గదిలో కూర్చోబెట్టి ఎవరెవరు తెలుసు, ఎవరింటికి వెళ్ళావు అని అడిగారు. భయపడిపోయి, వాళ్ళు ఏమంటే దానికి తలూపాను. నా ఊరి పేరు వాళ్ళు తప్పు పలికినా అవునన్నాను. తెల్లారాక వదిలారు. ఆ రోజు అనుకున్నాను, ఇక ఎవరడిగినా ఉన్నదే చెప్తానని."

మళ్ళీ తనే అన్నాడు. "ఒకటి మాత్రం నిజం. వాడు నన్ను చూసి నవ్వాడు, లచ్చన్నను గదిమాడు. ఇక్కడ నేను తెల్లవాణ్ణి. జీతంలోనూ అంతే. అది నాకు తెలుసు."

నేను దాన్ని తెలుగులో చెప్పాను. లచ్చన్న "తెలిసినోడే నయం" అన్నాడు.

తయ్మా బావి

పంపుల మనిషిని కనుక తయ్మాలో ఆగుదామని నేనే పట్టుబట్టాను. ఊరి నడుమ పాతకాలపు పెద్ద బావి. చుట్టూ చెక్క కప్పీలు, మోకులు. ఒకప్పుడు ఒంటెలు మోకు లాక్కుంటూ అవతలికి నడిస్తే తోలుసంచులు పైకి వచ్చి కాలవల్లో నీళ్ళు కుమ్మరించేవట. అచ్చం మా తాత మోట కొట్టిన తీరే, ఎద్దుల బదులు ఒంటెలు. లచ్చన్న ఒక కప్పీ మీద చెయ్యి వేసి తిప్పాడు. కార్మక్ అంచు నుంచి నీళ్ళలోకి వంగి చూసి, ఇంత ఎత్తున నీళ్ళుంటే మన మోటారు కాలేది కాదు అన్నాడు. బావి కావలి ముసలాయన మాకు ఏలకుల కాఫీ పోసి, ఎక్కడివాళ్ళని అడిగాడు. ముగ్గురం ఎవరి ఊరి పేరు వాళ్ళం చెప్పాం. ఆ పేర్లు ఆయన ఎన్నడూ విని ఉండడు గానీ మూడింటికీ తలూపాడు.

తబూక్

తబూక్ చుట్టూ పొలాలు గుండ్రంగా ఉంటాయి. మధ్యలో బోరు, దాని చుట్టూ గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లే పొడుగాటి గొట్టం. ఇసుక మధ్య పచ్చటి బిళ్ళలు పరిచినట్టు బంగాళాదుంప, గోధుమ.

మేనేజరు ఇంగ్లీషాయన, పేరు గ్రాహం. మంచి మర్యాదస్తుడు. నాకు చలి కోటు తెప్పించాడు, బిస్కెట్లు పెట్టాడు. "పాడీ దారి తప్పకుండా తెచ్చాడే" అన్నాడు నవ్వుతూ. మోటారు సంగతి వచ్చేసరికి "ఐరిష్ పనితనం" అన్నాడు, అదీ నవ్వుతూనే. "పాడీ బిగించిన తీరులోనే లోపం. నువ్వు చూస్తే నీకే తెలుస్తుంది." కార్మక్ అక్కడే నిలబడి ఉన్నాడు. నవ్వలేదు, తల దించలేదు.

ఆ నవ్వు నేను హాస్టల్లో చూసిందే. కోప్పడితే, సరదాకి అన్నాం కదా అంటుంది.

పైకి తీసిన మోటారు విప్పి చూశాను. బిగింపులో ఏ లోపమూ లేదు. నీళ్ళు లేకుండా తిరిగి తిరిగి కాలింది. బోరులో నీటి మట్టం పడిపోతే మోటారును ఆపేయాల్సిన సెన్సారు తీగలు ప్యానెల్లో ఊడదీసి, వాటికి టేపు చుట్టి ఉంది.

"ఎవరు తీసిండ్రన్నా?" అని అడిగాను.

లచ్చన్న నా కళ్ళలోకి చూశాడు. "నేనే తీసిన. నీళ్ళు తగ్గి మోటారు మాటిమాటికి ఆగుతుండె. ఆలుగడ్డ ఎండుతున్నదని మేనేజరు తీగలు పీకుమన్నడు. కార్మిక్ సారు కుదరదన్నడు. సారు పని మీద రియాద్ వోయిన రోజు మేనేజరు నాకు ఫోన్ చేసిండు. పీకుతవా, ఖురూజ్ కొట్టాల్నా అన్నడు." ఖురూజ్ అంటే తిరిగి రాకుండా పంపేయడం.

నిజం రాస్తే తీగలు తీసింది లచ్చన్న అవుతాడు. గ్రాహం చెప్పినట్టు రాస్తే తప్పు కార్మక్‌ది అవుతుంది. హైదరాబాద్‌లో మా బాస్‌కి ఫోన్ చేశాను. "మన పంపుది తప్పు లేదు కదా, అది చాలు. బిగింపులో లోపమని రాసి వచ్చెయ్యి. వాళ్ళ గొడవలు మనకెందుకు" అన్నాడు.

ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. కార్మక్, తను ఎలాగూ ముసలివాణ్ణని, తన మీదే రాయమని అంటాడేమో అనుకున్నాను. ఆయన అలా అనలేదు. "చెయ్యని తప్పుకు మళ్ళీ తలూపను. లచ్చన్నను కూడా ఊపనివ్వను" అన్నాడు.

లచ్చన్న చాలాసేపు బీడీ తాగాడు. "రాయి తమ్మీ. నేనే పీకిన్నని రాయి. ఎవలు పీకుమన్నరో గూడ రాయి. హిందీ ఫిట్టర్ అని కాదు, నా పేరు పూర్తిగ రాయి."

గ్రాహం గదిలో

మర్నాడు మధ్యాహ్నం లచ్చన్న, కార్మక్ పక్కనుండగా గ్రాహంకు రిపోర్టు చదివి వినిపించాను. గ్రాహం నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. "వీడు తీశాడని వీడే ఒప్పుకున్నాడు. నేను చెప్పాననడానికి ఏముంది? పాడీ నేర్పి ఉంటాడు."

గదిలో ఒక మూల ఫహద్ అనే సౌదీ యువకుడు ఉన్నాడు. కంపెనీ రంగు మెరుగుపడటానికి ఆర్నెల్ల కింద పెట్టుకున్న ఇంజినీరు. రోజంతా ఫోన్ చూసుకుంటాడని, జీతానికే వస్తాడని క్యాంపులో అందరూ అనేవాళ్ళు. కార్మక్ కూడా దారిలో అదే అన్నాడు. లచ్చన్న గ్రాహంను వదిలేసి ఆ కుర్రాడి వైపు తిరిగి, అక్కడి పనివాళ్ళ అరబ్బీలో చెప్పాడు.

"అనా షీల్. ముదీర్ గుల్ షీల్." నేను తీశాను. మేనేజరు తీయమన్నాడు.

ఫహద్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. "తెలుసు. ఆ ఫోన్ చేసినప్పుడు నేను ఈ కుర్చీలోనే ఉన్నాను" అన్నాడు ఇంగ్లీషులో. గ్రాహం ఏదో అనబోతే, "నేనున్నానని మీరు మర్చిపోయారు. రోజూ మర్చిపోతారు" అన్నాడు. రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని, సాక్షిగా కింద సంతకం పెట్టాడు.

బయటికి వచ్చాక కార్మక్ ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను అడగలేదు.

మూడు రోజుల్లో కొత్త మోటారు దించాం. సెన్సారు తీగలు లచ్చన్నే తిరిగి కలిపాడు. నేను బయలుదేరే పొద్దున మెస్‌లో టిఫిన్ చేస్తుంటే గ్రాహం గుమ్మంలోంచి "పాడీ, ఒకసారి" అని పిలిచాడు. కార్మక్ రొట్టె చింపుకుంటున్నాడు. మళ్ళీ పిలిచాడు. మెస్‌లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"కార్మక్" అన్నాడు గ్రాహం.

"చెప్పు గ్రాహం" అంటూ లేచాడు.

ఆ తర్వాత

గ్రాహంను ఎవరూ ఏమీ అనలేదు. కొన్ని నెలలకు జెద్దా ఆఫీసుకు మార్చారు. లెవీ భారం తగ్గలేదు, మనుషుల్ని తగ్గించక తప్పలేదు. లచ్చన్నను పంపేశారు, కానీ పేరు మీద ఏ మచ్చా రాయకుండా పంపారు. ఇప్పుడు ఆయన ఖతర్‌లో పంపుల మీదే పని చేస్తున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసి "తమ్మీ, మంచిగున్నవా" అంటాడు. మా బాస్ ఒక నెల నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఆ పొలం వాళ్ళే ఇంకో రెండు పంపులు అడిగేసరికి మాట్లాడాడు.

కార్మక్ ఒప్పందం అయ్యేదాకా ఉండి, ఇంగ్లండ్‌లో కూతురి దగ్గరికి కాకుండా ఐర్లాండ్‌లో పుట్టిన ఊరికే వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ఒకసారి ఫోన్ చేశాడు. పాల కోసం ఊళ్ళో కొట్టుకు వెళ్తే కౌంటర్లో అమ్మాయి ఆయన మాట విని, "సెలవులకు వచ్చారా? ఇంగ్లండ్ నుంచా?" అని అడిగిందట. నలభై ఏళ్ళలో ఆయన యాస అంతగా మారిపోయింది.

"మరి ఏం చెప్పారు?" అన్నాను.

"నా పేరు చెప్పాను. మా నాన్న పేరు, మా ఇల్లు ఏ గట్టు మీద ఉండేదో చెప్పాను. నమ్మినట్టు లేదు" అన్నాడు. "ఇంకో కొట్టు దగ్గర్లోనే ఉంది. అయినా పాలకు రోజూ ఆ అమ్మాయి దగ్గరికే వెళ్తున్నాను."